గొడ్లచావిట్లో పెళ్ళిగుర్రం

మా ఊళ్ళో ఎవరి పెళ్ళయినా ఊరేగింపు మా ఇంటి ముందు కాసేపు ఆగుతుంది. మా మీద గౌరవంతో కాదు. మా గేటు ఎదురుగా రోడ్డు కాస్త వెడల్పు, డీజే బండి తిప్పుకోవడానికి వీలుగా ఉంటుంది. ఆ సాయంత్రం కూడా ఆగింది. సౌండు బాక్సుల దెబ్బకి వంటింటి అరలో స్టీలు గ్లాసులు వాటంతటవే జరుగుతున్నాయి. వాటిని పట్టుకుని నిలబడే కన్నా బయటికెళ్ళి చూడటమే నయమనిపించి గేటు దగ్గరికి వచ్చాను.

పెళ్ళికొడుకు తెల్లగుర్రం మీద ఉన్నాడు. షేర్వాణీ, తలపాగా, చీకటి పడ్డాక కూడా నల్లకళ్ళద్దాలు. మనిషి మంచి పుష్టిగా ఉన్నాడు. గుర్రమే లేదు. మఖమలు గుడ్డ, అద్దాలు కుట్టిన పట్టీలు, నెత్తిన ఎర్ర కుచ్చు, కాళ్ళకి గజ్జెలు, అన్నీ ఉన్నాయి గానీ వాటి కింద గుర్రం అనదగ్గది పెద్దగా కనబడలేదు. పాట మారి దరువు పెరిగింది. గుర్రం కాళ్ళు ఆడించబోయి, వణికి, ముందు మోకాళ్ళ మీద కూలి, పక్కకి ఒరిగింది. జనం చప్పట్లు కొట్టారు. అది కూడా డాన్సులో భాగమే అనుకున్నారు.

తర్వాత పెళ్ళికొడుకుని లేపారు. మోచెయ్యి గీరుకుంది, అంతే. పెద్దలు అక్కడే నిలబడి ఇది అపశకునమా కాదా అని వాదించుకున్నారు. గుర్రం పడితే అపశకునం గానీ మనిషి పడితే కాదని ఒకాయన, ఇద్దరూ పడ్డారు కాబట్టి చెల్లుకు చెల్లని ఇంకొకాయన. ఫోటోగ్రాఫరు మాత్రం డ్రోన్‌లో అంతా వచ్చిందో లేదో చూసుకుని, రాలేదని బాధపడి, పెళ్ళికొడుకుని ఇంకోసారి ఎక్కగలడా అని అడిగాడు. ఎక్కడానికి గుర్రం లేవాలి కదా. కారు తెప్పించారు. గుర్రాన్ని నలుగురు కలిసి మా గేటు పక్కకి ఈడ్చారు. పాట మళ్ళీ మొదలైంది.

గుర్రం తాలూకు మనిషి నరసరావుపేట నుంచి వచ్చాడు. బ్యాండు మేళం, లైట్ల రథం, గుర్రం అద్దెకి తిప్పుతుంటాడు. ఆయన గుర్రం దగ్గర కూర్చుని ముందుగా మఖమలు గుడ్డ విప్పి, మట్టి దులిపి, జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "అక్కా, కాసిని నీళ్ళు పట్టండి దీనికి. నా రథం ముందుకు పోయింది, నేను పోవాల. పొద్దున్నే ట్రాలీ ఆటో తెచ్చి ఎక్కించుకుపోతా" అన్నాడు. ఆ పొద్దున రావడానికి మిరపకాయ పండి, కోసి, కల్లాల్లో ఆరబోసేదాకా పట్టింది.

నీళ్ళు పట్టాను. కొన్ని దాని మీద కూడా పోశాను, వేడికి పడిపోయిందేమోనని. పోసిన చోటల్లా తెలుపు కారిపోయింది. పౌడరో సున్నమో పూసినట్టున్నారు, అసలు రంగు బూడిద. డొక్కలు ఒక్కొక్కటీ విడివిడిగా తేలాయి. వీపు మీద జీను ఒరుసుకున్న చోట పుండు పడి దాని మీద ఈగలు. కళ్ళు మాత్రం పెద్దవి. ఆ కళ్ళతో నన్ను చూసింది. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు ఆ నల్లకళ్ళద్దాల పెళ్ళికొడుకుని వెతికి రెండు తగిలించాలన్నంత కోపమూ వచ్చింది.

అప్పుడు మా మామగారు బయటికి వచ్చారు.

మామగారి గురించి చెప్పకపోతే ఈ గుర్రం సంగతి అర్థం కాదు. ఆయన ఎడ్ల బండలాగుడు పందేల మనిషి. గురజాల, కారంపూడి, మాచర్ల, ఎక్కడ పందెం జరిగినా ఆయన జత దిగిందంటే మిగతావాళ్ళు రెండో బహుమతి కోసం కొట్టుకోవాల్సిందే. హాల్లో షోకేసు నిండా షీల్డులు. నా డిగ్రీ పట్టా ఆ షీల్డుల వెనకాల ఎక్కడో ఉంది. మనుషుల్ని ఆయన వాళ్ళ గొడ్లని బట్టి అంచనా వేస్తారు. నా పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు ముందు మా పుట్టింటి పెరట్లోకి వెళ్ళి గేదెని చూసి, "గేదె బాగుంది, సంబంధం ఖాయం చేసుకోండి" అన్నారు. నన్ను ఆ తర్వాత చూశారు. గేదెని చూసినంతసేపు చూడలేదు.

మోకాళ్ళు అరిగిపోయి, ఎడ్లని తోలే ఓపిక పోయి, ఆఖరి జతని అమ్మేశాక ఆయన మనిషిలా లేరు. ఖాళీ చావిట్లో మంచం వేసుకుని ఎడ్లు మేత మేసిన గాడి వైపు చూస్తూ కూర్చునేవారు. సగం అన్నం వదిలేసేవారు. మా ఆయన పురుగుమందుల షాపు వదిలి రాలేడు, నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని, పొద్దున ఆటో ఎక్కితే సాయంత్రమే. డాక్టరు గుండెకి, బీపీకి మందులు రాశాడు. చావిడి ఖాళీ అవడానికి మందేమీ రాయలేదు.

ఆయన గేటు దగ్గర నిలబడి గుర్రాన్ని తలనుంచి తోకదాకా చూశారు. "మన గుమ్మం ముందు బొక్కలు కనబడే గొడ్డా?" అన్నారు. ఆయన బాధంతా గుర్రం గురించి అనుకున్నాను. కాదు. పొద్దున్నే ఊరు చూస్తుందని. మనుషుల్ని పిలిచి, రెండు వాసాలకి గోనెపట్టా కట్టించి, గుర్రాన్ని దాని మీద మోయించి చావిట్లోకి చేర్పించారు. ఆ పూట అన్నం మొత్తం తిన్నారు. పెరుగన్నంతో సహా.

మర్నాటి నుంచి మా ఇంటికి నిపుణుల రాక మొదలైంది. మా ఊళ్ళో ప్రతి మగవాడూ ఎడ్ల మీద నిపుణుడే. గుర్రాన్ని పెళ్ళిలో తప్ప చూసినవాడు ఒక్కడూ లేడు, అయినా అది ఎవరికీ అడ్డం కాలేదు. నాలుగు కాళ్ళున్నాయి, గడ్డి తింటుంది, మిగతాదంతా వాళ్ళకి తెలుసు. ముందుగా తోక కొలిచారు, తర్వాత సుడులు వెతికారు, మూపురం లేదని విచారించారు. కొమ్ములు లేకపోవడం గురించి ఎందుకు ఊరుకున్నారో తెలీదు.

నేను స్కూలుకి సెలవు పెట్టాను. అసలు గండం మధ్యాహ్నం వచ్చింది. గుర్రం కాస్త గడ్డి తిని, నీళ్ళు తాగి, ఊరికే నిలబడింది. మామగారు మంచం మీద కూర్చుని దాని దవడ వైపే చూస్తున్నారు. చుట్టూ ఇంకో పదిమంది చూస్తున్నారు. ఎంతసేపు చూసినా దవడ కదలలేదు.

"నెమరెయ్యట్లా!" అన్నాడు ఎదురింటి బాబాయి. మామగారి తర్వాత ఎడ్ల విషయంలో ఆయనదే మాట.

"పొద్దుట్నుంచీ చూస్తన్నా. ఒక్కసారి గూడా ఎయ్యలా" అన్నారు మామగారు.

"ఇంక బతకదు మావా. నెమరాగిన గొడ్డు ఎన్నాళ్ళుంటది?"

మా స్కూల్లో సైన్సు టీచరుకి ఫోన్ చేసి కనుక్కుని చెప్పాను, గుర్రానికి ఒకటే పొట్ట, అది నెమరు వేయదు, పుట్టిన దగ్గర్నుంచీ వేయదు, దాని అమ్మ కూడా వేయలేదు అని. అందరూ మర్యాదగా విన్నారు. బాబాయి జాలిగా నవ్వాడు. "పుస్తకంలో గుర్రాలకి అట్టా ఉంటదేమో అమ్మాయ్. ఇది మన చావిట్లో గుర్రం."

అల్లం, వాము, బెల్లం నూరి ముద్ద చేసి పెట్టారు. గుర్రం తిన్నది, నెమరు వేయలేదు. అప్పుడు బాబాయి పెద్ద వైద్యానికి దిగాడు. ఎద్దుకి నెమరాగిపోతే, ఆరోగ్యంగా ఉన్న ఇంకో ఎద్దు నెమరు వేస్తుండగా దాని నోట్లోంచి ఆ ముద్ద లాగి జబ్బు ఎద్దు నోట్లో పెడతారు. పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే. ఆయన తన సొంత ఎద్దుని తోలుకొచ్చి, గుర్రం పక్కనే కట్టేసి, అది నెమరుకి దిగేదాకా ఓపిగ్గా కాచుకుని, నోట్లో చెయ్యి పెట్టి ఆకుపచ్చ ముద్ద తీశాడు. ఎద్దుకి అలవాటే, ఏమీ అనలేదు. ఆ చేత్తోనే గుర్రం దవడ తెరిచాడు. గుర్రం అప్పటిదాకా ఎవర్నీ ఏమీ అనలేదు, తల వంచుకుని అన్నిటికీ ఒప్పుకుంటున్నది. ఆ ముద్ద వాసన తగలగానే దానికెక్కడిదో పౌరుషం వచ్చింది. బాబాయి చెయ్యి కరిచి పట్టుకుంది.

చేతికి కుట్లు పడ్డాయి, ఇంజక్షన్లు పడ్డాయి. అయినా ఆయన చెయ్యి మెళ్ళో వేలాడేసుకుని వచ్చి, "చూశావా మావా, దవడ కదిలింది" అన్నాడు.

ఇంత జరిగినా అసలు తప్పు ఇంకా మిగిలే ఉంది. మామగారికి గొడ్డుని మేపడమంటే గంపల లెక్క. గంపెడు తౌడు, గంపెడు పత్తిగింజల చెక్క, కుండెడు ఉలవలు. ఉలవలు గుర్రాల తిండేనని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కాబట్టి అనుమానమే లేదు. పెద్ద గుండిగలో ఉలవలు ఉడికించి, బెల్లం కలిపి, ఆకలితో మాడిన ఆ జంతువు ముందు పెట్టారు. అది తల ఎత్తకుండా తినేసింది. ఊరంతా మురిసిపోయింది. ఆయన పక్కన కూర్చుని దాని జూలు నిమురుతూ, "తిను, తిను. మనింట్లో అడిగేవాడెవడు" అన్నారు. ఆయన గొంతు అంత మెత్తగా పలకడం నేను ఈ ఇంటికొచ్చాక వినడం అదే మొదటిసారి.

సాయంత్రానికి గుర్రం నేలని కాలితో గీరడం మొదలుపెట్టింది. తల తిప్పి తన డొక్క వైపే చూసుకుంటున్నది. ఒళ్ళంతా చెమట. తర్వాత పడి దొర్లింది. "సంతోషంతో దొర్లతంది" అన్నారెవరో. మా ఊళ్ళో జంతువు ఏం చేసినా సంతోషంతోనే చేస్తుంది. దాని మూలుగు విన్నాక నేను ఇంక ఆగలేకపోయాను. పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేసి, ఉన్నపళంగా రమ్మని దాదాపు అరిచాను.

ఆవిడ వచ్చి, తను చదువుకునేటప్పుడు ఒక గుర్రాన్ని చూశానని, మళ్ళీ ఇదే చూడటమని నిజం చెప్పేసింది. తనకి పాఠం చెప్పిన మాస్టారికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టుకుని, ఆయన చెప్పినట్టు ముక్కులోంచి గొట్టం వేసి నూనె పట్టింది. ఇంజక్షన్లు చేసింది. "ఎవరు పెట్టారు ఇన్ని ఉలవలు?" అని అడిగితే ఊరు ఊరంతా ఆకాశం వైపు చూసింది. మామగారు మాత్రం, "నేనేనమ్మా" అన్నారు.

"ఎండిపోయిన పొట్ట పెద్దాయనా. ఒక్కసారిగా ఇంత పెడితే చచ్చిపోద్ది. పిడికెడు పిడికెడు ఎండుగడ్డి, రోజంతా. ఉలవలు నేను చెప్పేదాకా వద్దు. ఇప్పుడు దీన్ని పడుకోనీకుండా మెల్లగా నడిపించండి."

నడిపించింది ఆయనే. మోకాళ్ళు పనికిరావని బాత్రూముకి కూడా కర్ర పట్టుకుని వెళ్ళే మనిషి, పగ్గం చేతికి చుట్టుకుని గుర్రంతో రోడ్డు మీద అటూ ఇటూ తిరిగారు. ఒకప్పుడు అదే రోడ్డు మీద ఆయన ఎడ్ల జత వెళ్తుంటే జనం అరుగులు దిగి నిలబడేవారట. ఇప్పుడు ఆయనా గుర్రమూ ఇద్దరూ కుంటుతూ వెళ్తుంటే కిళ్ళీకొట్టు దగ్గర పిల్లకాయలు ఫోన్లు తీశారు. ఆ వీడియోకి ఏడుపు పాట ఒకటి జోడించి పెట్టారు. మా బంధువులంతా మామగారు పోయారేమోనని ఫోన్లు చేశారు.

చివరికి పొట్ట కదిలి గుర్రం లద్దె వేసింది. ఒక జంతువు లద్దె వేస్తే నేను చేతులెత్తి దేవుడికి దణ్ణం పెడతానని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

ఆ తర్వాత మా ఇంట్లో పిడికెళ్ళ యుద్ధం మొదలైంది. గంపలతో పేరు తెచ్చుకున్న మనిషికి పిడికెడు గడ్డి చేతికివ్వడం అవమానం. జనం చూసేటప్పుడు ఆయన గాడి నిండా గడ్డి పోసి పెట్టేవారు, వాళ్ళు వెళ్ళాక గుర్రానికి అందకుండా పక్కకి లాగేవారు. ఊళ్ళో మాత్రం పేరు నాకొచ్చింది. "టీచరమ్మ గుర్రాన్ని మాడుస్తంది. పిల్లకాయలకి గూడా మార్కులు అట్టానే ఏస్తదంట" అని. ఒకరోజు తెల్లవారుజామున చావిట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. ఆయన లుంగీ మడతలో ఉలవలు దాచుకుని గుర్రానికి పెట్టబోతున్నారు. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఉలవల డబ్బాకి తాళం వేసి, తాళంచెవి నా బ్యాగులో వేసుకుని స్కూలుకి వెళ్ళిపోయాను.

"నా ఇంట్లో నాకే తాళమా అమ్మాయ్?" అన్నారు సాయంత్రం.

"మీకు కాదు మామయ్యా, మీ ప్రేమకి."

"నోరు చానా లేస్తంది."

"గేదెని చూసి తెచ్చుకున్నారు కదా, నా నోరు చూసుకోలేదు."

ఆయన నవ్వారు. ఎడ్లు పోయాక మళ్ళీ అప్పుడే నవ్వు చూశాను. ఆ గుర్రం బతకడం నాకు ఎందుకంత అవసరమో ఆ నవ్వుతో నాకే తెలిసొచ్చింది. అది పోతే దాని వెనకాలే ఇంకొకరు పోతారు.

బయట ఇంకో లెక్క నడుస్తున్నది. ఎడ్ల మీద పందేలు కాసిన ఊరు గుర్రం చావు మీద కాయకుండా ఉంటుందా? మిరప కోతల్లోపు పోతుందని ఒక జట్టు, పోదని ఒక జట్టు, ఓడినవాళ్ళు బిర్యానీ పెట్టాలి. పోతుందన్నవాళ్ళే పొద్దున్నే పరామర్శకి వచ్చేవాళ్ళు. "ఎట్టా ఉంది పెదనాన్నా? నీరసంగా ఉందా?" అని ఎంతో ఆశగా అడిగేవాళ్ళు. ఒకడైతే గుర్రం పడుకుని ఉందని చూసి పరుగెత్తుకెళ్ళి బిర్యానీ ఆర్డరు కూడా ఇచ్చేశాడు. అది నిద్రపోతున్నది, అంతే. గుర్రం నిలబడే నిద్రపోతుందని, భయం తీరాక మాత్రమే పూర్తిగా పడుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. మా చావిట్లో అది మొదటిసారి ఒళ్ళు వాల్చి పడుకున్న రోజు అదే. బిర్యానీ మాత్రం ఎవరో ఒకరు తినేశారు.

డాక్టరమ్మ చెప్పగా మామగారు మిరపకాయల గోనెటిక్కీలు కుట్టే పురికొస తెచ్చి దాని ఛాతీ చుట్టూ కొలిచి ముడి వేసేవారు. ముడి ఎంతకీ జరిగేది కాదు. ఆయన కొస బిగించి కాస్త, వదులు చేసి కాస్త, తనకి కావలసిన లెక్క తెచ్చుకునేవారు. కానీ చలి తగ్గేసరికి బిగించినా వదులు చేసినా ముడి జరిగింది. వీపు మీద పుండు మానింది. డొక్కలు మెల్లగా కప్పుకున్నాయి. ఉలవలు కూడా మొదలుపెట్టాం, గ్లాసుతో కొలిచి. పాత వెంట్రుకలు రాలి, బూడిదరంగు మీద లేత మచ్చలు తేలాయి. పౌడరు పూసిన తెలుపు కన్నా ఎంతో బాగుంది. మామగారి చెప్పుల చప్పుడు వినగానే సకిలించేది. నా చప్పుడుకి సకిలించేది కాదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో దానికీ తెలుసేమో.

అది ఒళ్ళు చేసేకొద్దీ ఊరందరికీ మన ఊరి గుర్రమైంది. చస్తుందని పందెం కాసినవాళ్ళే బయటి ఊళ్ళవాళ్ళకి "మేం బతికించాం" అని చూపించేవాళ్ళు. బాబాయి చేతి మీద కుట్ల మచ్చ చూపించి, తన వైద్యం వల్లే లేచిందని చెప్పుకునేవాడు. ఎవరో నాయకుడి ఊరేగింపుకి కావాలని ఇద్దరు వచ్చారు. నాయకుడి బరువెంతో అడిగాను. మళ్ళీ రాలేదు. నా భయం మాత్రం వేరే. అది ఎంత కోలుకుంటే అంతగా దాని సొంతదారుకి పనికొస్తుంది. మేము మేపేది వేసవి పెళ్ళిళ్ళకే. మామగారు ఈ మాట ఎత్తనిచ్చేవారు కాదు. గేటు బయట ట్రాలీ ఆటో చప్పుడైతే మాత్రం పనిచేస్తున్న చెయ్యి ఆగిపోయేది.

ఒక ఆదివారం ఆ చప్పుడు మా గేటు ముందే ఆగింది.

నరసరావుపేట మనిషి దిగాడు. వెంట డప్పు వేసుకున్న ఇంకొకతను. కల్లాల్లో మిరపకాయ ఏరుతున్నవాళ్ళు కూడా వదిలేసి వచ్చారు. ఆయన గుర్రం చుట్టూ తిరిగి, ఒళ్ళు తడిమి, నమ్మలేక మళ్ళీ తిరిగాడు. "పెద్దాయనా, మీ చేతిలో ఏముందో గానీ! ఇది మా గుర్రమేనా అనుమానంగా ఉంది. అప్పుడు నాకు ఏ దారీ లేక వదిలేసి పోయినా. రథానికి కిస్తీలు, దీనికి మేత, ఏం చెయ్యను? ఇప్పుడు వరసగా పెళ్ళిళ్ళున్నాయి, తీసుకుపోతా."

గుర్రం ఆయనదే. మామగారు గాడిలో గడ్డి సర్దుతున్నారు.

"డాన్సు మర్చిపోయిందేమో, ఒకసారి చూస్తా" అని నరసరావుపేట మనిషి డప్పు అతనికి సైగ చేశాడు.

డప్పు మోగింది. గుర్రం నోట్లో గడ్డి అట్లాగే ఉండిపోయింది. చెవులు వెనక్కి వాలాయి. కుడికాలు లేచింది, దిగింది. ఎడమకాలు లేచింది, దిగింది. మెడ విల్లులా వంచి, దరువు తప్పకుండా, కాలు మార్చి కాలు. జనం ఈలలు వేశారు. ఫోన్లు పైకి లేచాయి. "మర్చిపోలా! చూడు ఎంత సంతోషంగా ఆడతందో!" నేనూ చప్పట్లు కొట్టాను. మేము మేపిన గుర్రం, గ్లాసుతో కొలిచి ఉలవలు పోసిన గుర్రం, ఇంత అందంగా ఆడుతుంటే ఎందుకు కొట్టను?

మామగారు ఒక్కరే దాని దగ్గరికి వెళ్ళారు. ముందుకాళ్ళ మధ్య చెయ్యి పెట్టి తీశారు. ఇంకా ఎండ ఎక్కని పొద్దు. చెయ్యి గుర్రం చెమటతో తడిసిపోయి ఉంది.

"డప్పాపు" అన్నారు.

డప్పు ఆగింది. గుర్రం ఆగలేదు. చప్పుడు లేని చోట కాళ్ళు ఎత్తి దించుతూనే ఉంది. నోటి పక్కనుంచి గడ్డిపోచ వేలాడుతున్నది, కళ్ళు ఎవర్నీ చూడటం లేదు. చప్పట్లు అక్కడొకటి ఇక్కడొకటి పడి, అవీ ఆగిపోయాయి. మామగారు దాని మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని తన భుజానికి ఆనించుకునేదాకా అది ఆడుతూనే ఉంది.

"ఇది ఎట్టా నేర్పారయ్యా దీనికి?" అని అడిగారాయన.

"నేను నేర్పలా పెద్దాయనా, నేర్చిందే కొన్నా. డప్పు కొడతా కాళ్ళ మీద బెత్తంతో కొడతారు. కొన్నాళ్ళకి బెత్తం అక్కర్లా, డప్పు చాలు."

"ఇది ఆడట్లా. భయపడతంది."

నరసరావుపేట మనిషి చిన్నబుచ్చుకున్నాడు. ఊరందరి ముందు దొంగలా నిలబడాల్సి వచ్చినందుకేమో, గొంతు పెంచాడు. "నన్నంటారేంది? మీ పందేలు నేను చూళ్ళేదా? ముల్లుకర్ర ఎత్తితే చాలు, పొడవక్కర్లా, ఎడ్లు బండ లాక్కుపోతాయి. మీ ఎడ్లు సంతోషంతో లాగినయ్యా పెద్దాయనా?"

జనం ఒంటికాలి మీద లేచారు. "మా ఎడ్లకీ నీ డాన్సు గుర్రానికీ పోలికేంది రా!" అని బాబాయి మీదమీదకి వెళ్ళాడు. తన ఎడ్లని ఒక్క మాట అన్నందుకు మామగారు సొంత బావమరిదితో ఏళ్ళ తరబడి మాట్లాడని సంగతి అందరికీ తెలుసు. ఇప్పుడు ఈ మనిషికి మూడిందనే అందరూ చూస్తున్నారు. నేనూ ఆయన కర్ర ఎక్కడుందో వెతికి పక్కన పెట్టబోయాను.

మామగారు గుర్రం మొహం వదల్లేదు.

"లేదు" అన్నారు.

బాబాయి ఆగిపోయాడు. "ఏంది మావా లేదంటావు?"

"సంతోషంతో లాగలా. నాకు తెలుసు. అప్పుడూ తెలుసు." నరసరావుపేట మనిషి వైపు తిరిగి, "దీన్ని మాత్రం నీకియ్యను. లోపలికి రా, మాట్లాడుకుందాం" అన్నారు.

చావిట్లో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, ఏమిచ్చారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ట్రాలీ ఆటో ఖాళీగా వెళ్ళింది. వెళ్ళేముందు ఆ మనిషి గుర్రం మెడ తట్టి, "బాగా చూసుకోండి" అన్నాడు. ఊరు అంత తేలిగ్గా వెళ్ళలేదు. గేటు బయట గుంపుగా నిలబడి, పెద్దాయనకి మతి పోయిందని, ఎవడో బయటివాడి ముందు ఊరి పరువు తీశాడని, మనకందరికీ తిండి పెట్టిన పందేన్ని అంత మాటంటాడా అని తిట్టుకుంది. బాబాయి తన ఎద్దుని తోలుకుని మా గేటు ముందునుంచి వెళ్తూ లోపలికి చూడలేదు. ఆ యేడు పందేల కమిటీ పెద్దగా కూర్చోమని పిలవడానికి ఎవరూ రాలేదు.

ఆ రోజు సాయంత్రం నేను టీ తీసుకుని చావిట్లోకి వెళ్ళాను. ఏదో ఒకటి ఎత్తిపొడిచి ఆయన్ని మామూలు చేద్దామనుకున్నాను. ఆయన నేల మీద కూర్చుని గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి గుర్రం కాళ్ళు తుడుస్తున్నారు, ఒకదాని తర్వాత ఒకటి. మోకాళ్ళ నొప్పితో ఆయన కింద ఎట్లా కూర్చోగలిగారో తెలియలేదు. గ్లాసు పక్కన పెట్టి నేనూ కూర్చున్నాను. ఆఖరి కాలు తుడుస్తూ, తలెత్తకుండానే చెప్పారు.

"మన ఆఖరి జతలో ఎర్రెద్దు, పందెం అయిపోయి కాడి దించినాక గూడా, నిలబడ్డచోటే కాళ్ళాడించేది అమ్మాయ్. నేను జనానికి చూపించి నవ్వేవాణ్ణి."